డోలు ఆగవలసిన గుమ్మం

సిరిసిల్లలో మా అమ్మాయి ఇల్లు మరమగ్గాల మధ్యన ఉంది. పొద్దున లేచింది మొదలు గోడకవతల మగ్గాలు టకటకమని ఆడుతూనే ఉంటాయి. నేనిక్కడికి వచ్చిన కొత్తలో చూడవచ్చిన వాళ్ళంతా ఈ మోతలో ఎట్లా ఉంటున్నారని నన్ను అడిగేవారు. నాకది ఎన్నడూ మోత అనిపించలేదు. ఆ చప్పుడు ఉన్నచోటనే ఉంటుంది. దగ్గరికి రాదు, దూరం పోదు. ఏ చప్పుడు విన్నా నేను ముందుగా పట్టించుకునేది ఆ ఒక్క సంగతే.

ఈ ఏడు బడి తెరిచిన కొన్నాళ్ళకు మా మనవరాలిని బడి బ్యాండులోకి తీసుకున్నారు. తొమ్మిదో తరగతి చదువుతోంది. ఎత్తరి. నడుము వంచకుండా నడుస్తుంది, అది మా ఇంటి నడక. బడి వాళ్ళు ఫోనుకు పంపిన నిబంధనలను భోజనాల దగ్గర గట్టిగా చదివి వినిపించింది. బూట్లు తెల్లగా ఉండాలి, జడలు రెండూ మడిచి కట్టాలి, గోళ్ళకు రంగు ఉండకూడదు. సాధనకు ఒక్కనాడు రాకపోయినా పేరు తీసేస్తారు. జ్వరమొచ్చినా వచ్చి పక్కన కూర్చోవాలి. కవాతులో ఇంటివాళ్ళు కనిపించినా తల తిప్పకూడదు. మా అమ్మాయి నవ్వి, "గిదేం బ్యాండే, మిలిటరీనా?" అన్నది. నేను నవ్వలేదు. పెరుగన్నం కలుపుకుంటున్న చెయ్యి ఆగిపోయింది. ఆ చివరి మాట నేను ఇదివరకే, ఇంకొక గొంతులో విన్నాను.

తరువాత ఒక ఆదివారం ఆమె డోలు ఇంటికి తెచ్చుకుంది. పెద్ద డోలే. ముందరి గదిలో మెడకు తగిలించుకుని, గుడ్డ ఉండ చుట్టిన కర్రతో మొదటి దెబ్బ వేసింది. నేను లోపలి గదిలో మంచం మీద పేపరు చదువుతున్నాను. నా పాదాలు వాటంతటవే కిందికి దిగి, మంచం కింద చెప్పులను వెతుక్కుని తొడుక్కున్నాయి. నేను లేచి నిలబడి ఉన్నానని ఆమె గుమ్మంలోకి వచ్చి అడిగేదాకా నాకు తెలియలేదు.

"తాతా, ఎటు పోతున్నవ్?"

"ఎటు లేదు బిడ్డా. నువ్వు కొట్టుకో."

"సప్పుడు ఎక్కువైందా?"

"లేదు. నీ పని నువ్వు చెయ్యి."

అప్పటి నుంచి ఈ సంగతి రాయాలని ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆమెకు కూడా చెప్పలేదు.

మాది కోరుట్లకూ జగిత్యాలకూ నడుమ ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊళ్ళో మాది గడి, కోటలాంటి దొరల ఇల్లు. ఎత్తు గోడలు, నిండు బండి పట్టే దర్వాజా, లోపల మూడు వాకిళ్ళు. నాకు ఊహ తెలిసేసరికే గోడల సున్నం రాలిపోతూ ఉండేది. తాత చనిపోయిన తరువాత భూములు ఒక్కొక్కటే చేయి జారుతున్నాయి. అయినా ఒక మర్యాద మాత్రం అట్లాగే నిలిచి ఉండింది. పెండ్లి ఊరేగింపు కానీ, బోనాలు కానీ, చివరికి పీనుగు కానీ, మా దర్వాజా దగ్గరికి రాగానే డప్పు ఆగేది. కాళ్ళ చెప్పులు చేతుల్లోకి వచ్చేవి. ముందటి గోడ దాటిపోయిన తరువాత మళ్ళీ మోగేది. నాకు జ్ఞాపకమున్న మొదటి నిశ్శబ్దం అదే. బయట మోగుతున్నదంతా మా గుమ్మం ముందర ఒక్కసారిగా ఆగిపోవడం, మెత్తని అడుగుల చప్పుడు, ఒక పసిపిల్ల ఏడుపు, మళ్ళీ అవతల మొదలు. పొద్దు పొడిచినట్టు, వాన కురిసినట్టు అది కూడా లోకంలో ఉండవలసిన సంగతి అనుకునేవాణ్ణి. అది న్యాయమేనా అని ఇప్పుడు అడిగేవాళ్ళున్నారు. కాదు. వాళ్ళకు కోపం రావడానికి కారణాలున్నాయి, వాటిని తెలిసినవాళ్ళు రాశారు కూడా. ఆ ఇంటి అన్నం తిన్నవాణ్ణి, మా పెద్దలను బజారున పెట్టి తిట్టడం మాత్రం నా చేత కాదు.

ఒకనాడు మధ్యాహ్నం అన్నాల ముందర కూర్చుని ఉన్నాం. ఊరి కింది దిక్కు నుంచి డప్పులు మొదలైనాయి. నాయనమ్మ నెయ్యి వడ్డిస్తోంది. చప్పుడు దగ్గరికొచ్చింది. అలవాటు ప్రకారం అందరం ఆ ఆగే క్షణం కోసం చూస్తున్నాం. మా నాన్న, బాపు, ముద్ద చేత్తో పట్టుకునే ఉన్నాడు. డప్పు దర్వాజా దాకా వచ్చింది. ఆగలేదు. అదే దెబ్బ, అదే జోరుతో దర్వాజాలోంచి లోపలికి వచ్చింది. నాయనమ్మ చేతిలోని గిన్నె కింద కూడా పెట్టలేదు. నన్ను రెక్క పట్టి లేపింది. పశువుల కొట్టం వెనక దిడ్డి తలుపులోంచి నలుగురం బయటపడ్డాం. మక్కజొన్న కోసిన చేను, మొదళ్ళు కత్తుల్లాగా నిలబడి ఉన్నాయి. కొట్టం దగ్గరున్న చెప్పులేవో మేం ముగ్గురం తొడుక్కున్నాం. నాయనమ్మ కాళ్ళకు మాత్రం చెప్పులు లేవు. ఇంట్లో చెప్పులతో తిరిగే మనిషి కాదు. సడక్ మీదికి వచ్చి కోరుట్ల బస్సు ఎక్కేసరికి ఆమె అరికాళ్ళు రెండూ చీరుకుపోయినాయి. బస్సు ఇనుప రేకు మీద రెండు పాదాల తడి ఎర్రగా అంటింది. కండక్టరు చూసి తల పక్కకు తిప్పుకున్నాడు. గడి మీదికి వచ్చిన ఆ ఊరి జనం మమ్మల్ని వెంబడించలేదు. ఎవరి మీదా చెయ్యి పడలేదు. ఇది కూడా రాయవలసిన మాట కనుక రాస్తున్నాను.

కోరుట్లలో మాకు దొరికింది పెద్ద బజారు మీద రెండు గదుల పెంకుటిల్లు, కిరాయిది. ముందు తలుపు తీస్తే అరుగు కూడా లేదు, నేరుగా రోడ్డే. వెనక తలుపు సందులోకి. బాపు బియ్యం మిల్లులో గుమస్తాగా కుదిరాడు. పొద్దున ఇత్తడి చెంబులో నిప్పులు వేసి, దాని అడుగుతో తన అంగీని తానే ఇస్త్రీ చేసుకునేవాడు. ఎండైనా వానైనా గొడుగు పట్టుకుని, ఎవరి దిక్కూ చూడకుండా నిటారుగా బజారులో నడిచిపోయేవాడు. నాకూ అదే నేర్పాడు. నడుము వంగితే వెనక నుంచి వచ్చి రెండు వేళ్ళతో వెన్ను మీద పొడిచేవాడు. ఇంట్లో పొద్దుటి పూట చెంబు కింద వేడెక్కిన బట్ట వాసన, మాపటి పూట పొయ్యి పొగ. వీధివాళ్ళు మమ్మల్ని గర్వం మనుషులు అనుకునేవారు. అట్లా అనుకోవడం మాకు సౌకర్యంగానే ఉండేది.

ఎందుకంటే ఆ మూసిన తలుపుల వెనక మేము చేసే పని వేరు. బజారులో పెండ్లో, పండుగో, పీనుగో, ఏ డప్పు చప్పుడు లేచినా మా ఇంట్లో ఎవరి పనిలోకి వాళ్ళం పోయేవాళ్ళం. ఎవరూ ఎవరికీ చెప్పే పని లేదు. అమ్మ మండుతున్న పొయ్యి మీద చెంబెడు నీళ్ళు కుమ్మరించేది. తడిసిన బూడిద వాసన, సగం ఉడికిన అన్నం వాసన ఇల్లంతా కమ్ముకునేవి. బాపు ఇంట్లో ఉంటే గొడుగు చేతపట్టుకుని గోడకు ఆనుకోకుండా నిలబడేవాడు. నాయనమ్మ చెప్పులు తొడుక్కుని, బట్టల మూట ఒళ్ళో పెట్టుకుని, వెనక తలుపు పక్కన కూర్చునేది. ముందు తలుపు గొళ్ళెం వేసి, కాలు అడ్డం పెట్టి, చెక్కకు చెవి ఆనించి వినడం నా పని.

"దగ్గరికా, దూరమా?" అని నాయనమ్మ గుసగుసగా అడిగేది.

"దగ్గరికే."

"ఇప్పుడు?"

"ఇంక దగ్గరికే అస్తుంది నాయనమ్మా. పెండ్లిదే. పెండ్లి దెబ్బే."

పెండ్లి దెబ్బ వేరు, చావు దెబ్బ వేరు, చాటింపు దెబ్బ వేరు. ఆ చెక్క మీద చెవి పెట్టి అన్నీ నేర్చుకున్నాను. దెబ్బకూ దెబ్బకూ నడుమ ఎంత సందు ఉంటుందో నా అరికాలికి తెలుసు. ఏ పెండ్లివాళ్ళూ మా తలుపు దగ్గర ఆపేవాళ్ళు కాదు. ఎందుకు ఆపుతారు? మేమెవరో వాళ్ళకు తెలియదు. కానీ ఆగకుండా దాటిపోయే ప్రతి డప్పూ నాయనమ్మకు ఆనాటి డప్పే. ఒక మాఘమాసంలో ఊరేగింపు మా ఇంటి ముందరే నిలిచి చాలాసేపు వాయించింది. చప్పుడు పోయిన తరువాత చూస్తే ఆమె నోరు ఒక పక్కకు లాగి ఉంది. మాట రాలేదు. వచ్చిన డాక్టరు నాడి చూసి, బయటికి వచ్చి బాపుతో, "ఇంకోపాలి గిట్ల భయపడితె మనిషి మిగులది పటేలా" అన్నాడు. రెండు రోజులకు మాట తిరిగి వచ్చింది కానీ ఆ డాక్టరు మాట మా ఇంట్లోనే ఉండిపోయింది.

మా హైస్కూలులో ఖాజా సార్ డ్రిల్లు మాస్టరు. పటాలంలో పని చేసి వచ్చినవాడు. బడి బ్యాండు ఆయనదే. ఏటా వానలు పడగానే మైదానంలో పోరగాళ్ళను వరుసగా నిలబెట్టి ఏరుకునేవాడు. బల్ల మీద బెత్తంతో కొడుతూ ఎడమ కాలు వెయ్యమనేవాడు. కొట్టడం ఆపేసి, నడక మాత్రం ఆపవద్దనేవాడు. బెత్తం ఆగగానే అందరి కాళ్ళూ అటుఇటు పోయేవి. నా కాలు పోలేదు. నా వెనక్కి వచ్చి నడుము మీద అరచెయ్యి పెట్టాడు.

"మీ ఇంటోళ్ళు నీ నడుముల కట్టె పెట్టి కుట్టిండ్రారా?"

"లేదు సార్."

"తాళం ఎవలు నేర్పిండ్రు?"

చెప్పడానికి ఏముంది? ఖాజా సార్ అందరి దిక్కూ తిరిగి, "పెద్ద డోలు వీనిదే" అన్నాడు.

ఖాజా సార్ నిబంధనలు ఎక్కడా రాసి ఉండేవి కావు. వాటిని ఆయన మా మొహాల మీద అరిచి చెప్పేవాడు. ప్రార్థన గంటకు ముందే మైదానంలో ఉండాలి. గోళ్ళు, వెంట్రుకలు, చొక్కా గుండీలు చూసేవాడు. నూనె కారే తలతో వస్తే పంపు కింద కూర్చోబెట్టేవాడు. తెల్ల కాన్వాసు బూట్లకు తడి సుద్ద పూయాలి, ఆరిన తరువాత రాలకూడదు. కవాతులో నవ్వకూడదు, దగ్గకూడదు, దోమ కుడితే కుట్టనివ్వాలి. అన్నిటికన్న పెద్దది, మెడ తిప్పకూడదన్నది, చివర చెప్పేవాడు. "గర్దన్ తిప్పద్దు. ఇంటి ముందటికెంచి పోతరు, మీ అవ్వ నిలవడి పిలుస్తది. తిప్పద్దు. రోడ్డు మీద మీ బాపు కింద పడ్డా తిప్పద్దు." ఆ తరువాత నా ముందుకు వచ్చి గొంతు తగ్గించేవాడు. "వాని కాలు తప్పితె వానిదొక్కనిదే తప్పుతది. నీ దెబ్బ తప్పితె అందరిది తప్పుతది. తప్పిన నాడు డోలు దించి ఇంటికి పో. నాకు మొఖం సూపియ్యకు."

వాన ముసురు పట్టిన రోజుల్లో డోలు తోలు వదులయ్యేది. ఎండుగడ్డి మంట మీద దాన్ని కాపేవాళ్ళం. వేడెక్కిన తోలు వాసన మొదటిసారి ముక్కుకు తగిలినప్పుడు నాకు వాంతి వచ్చింది. మా ఊళ్ళో గడి గోడ అవతల డప్పులు కాచే వాసన అది. చెట్టు చాటుకు పోయి, నోరు కడుక్కుని వచ్చాను. నా పక్కన చిన్న డోలు వాయించే గంగాధర్ చూడనే చూశాడు. బీడీలు చుట్టే తల్లి కొడుకు, నోరు ఊరుకోదు. మా కథ అతనికి ఎట్లాగో తెలిసింది.

"ఏంది దొరా, తోలు వాసన పడ్తలేదా? మీ తాతల ముంగట మావోళ్ళు కొట్టిండ్రు. ఇగ నువ్వు కొట్టు, మేం ఇంటం."

అతనన్నది నిజమే. వాసనకు అలవాటు పడ్డాను. దెబ్బకు మాత్రం అలవాటు పడటం కాదు, దాని మీద ఆశ పుట్టింది. నా బతుకులో మొదటిసారి ఆ చప్పుడు దగ్గరికి రావడం లేదు, దూరం పోవడం లేదు. నేనున్న చోటనే, నా పొట్ట మీద ఉంది. నేను కొడితే ఉంది, లేకపోతే లేదు. ఆ మైదానంలో ఉన్నంతసేపూ నాకు భయం ఉండేది కాదు. ఇంటికి పోగానే మళ్ళీ తలుపుకు చెవి ఆనించే పోరడినే. బ్యాండు సంగతి ఇంట్లో చెప్పలేదు. బూట్లు గంగాధర్ వాళ్ళింట్లో దాచేవాణ్ణి.

పంద్రాగస్టు దగ్గరపడింది. కవాతు పెద్ద బజారు మీదుగా పోతుందని ఖాజా సార్ ఒకనాడు చెప్పాడు. పెద్ద బజారు అంటే మా తలుపు ముందరికి. నేను కొట్టే డోలు, నాయనమ్మ వినే డోలు ఒకటే అవుతాయని నాకు అంతవరకు తట్టనే లేదు. ఆ సాయంత్రం తెల్ల ప్యాంటు సంగతి కనుక్కోవడానికి ఆయనే మా ఇంటికి వచ్చాడు. తలుపు తీసింది బాపు.

ఖాజా సార్ వచ్చిన పని చెప్పాడు. బాపు నా దిక్కు చూశాడు.

"మావోడు డోలు కొట్టుడేంది సారూ?" అన్నాడు. గొంతు లేవలేదు. "మా ఇండ్లల్ల గట్లాంటిది లేదు."

"గిది డోలు కొట్టుడు కాదు పటేలా. కవాతు. జెండా ముంగట నడిచేటిది."

"ఏదైనా కాని. వద్దు."

"గంత తాళం ఉన్న పోరడు నాకు దొరకలే. వీడు లేకుంటె పెద్ద డోలే లేదు."

నేను గోడ పక్కన నిలబడి ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు చావే అనుకుంటున్నాను. వద్దంటే డోలు పోతుంది. సరే అంటే నాయనమ్మ. అప్పుడు పరదా వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది. బయటి మగవాళ్ళు ఉండగా ఆమె మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

"నాయనా, కొట్టేటోడు వీడేనా?"

"ఔనమ్మా," అన్నాడు బాపు.

"అయితె పోనియ్యి."

బాపు తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. గొడుగు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఖాజా సార్ సలాం చేసి కదిలాడు. అప్పుడు నాయనమ్మ నన్ను వెనక తలుపు దగ్గరికి పిలిచింది. ఆమె చెప్పులు అక్కడే గోడ వారన ఉండేవి, ఎప్పుడంటే అప్పుడు తొడుక్కునేలా.

"కొడుకా, మన దర్వాజ ముందర డప్పు ఆగేది. ఎర్కేనా?"

"ఎర్కే నాయనమ్మా."

"గా దినం ఆగలే. ఆగకపోయెవరకె నాకు సమజైంది, అది మన మీదికే అస్తుందని. నువ్వు కొట్టేటిది మన తలుపు ముందర ఆగుతదా?"

"ఆగద్దు నాయనమ్మా. ఆపితె సార్ తీసేస్తడు. అందరి కాళ్ళు తప్పుతయ్."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆలోచించింది. "గంత సేపు వద్దు. ఒక్క దెబ్బ. ఒక్కటే ఇడిసిపెట్టు. గప్పుడు నాకు మనోడే అని ఎర్కైతది. లేకుంటె నా పానం ఆగది కొడుకా. నువ్వని తెల్సినా ఆగది."

ఆమె నా జవాబు కోసం చూడలేదు.

ఆ తరువాతి రోజులన్నీ నాకు ఒకే రోజులాగా జ్ఞాపకమున్నాయి. మైదానంలో కొడుతుంటే నా చెయ్యి ప్రతి దెబ్బకూ ముందు ఒక వెంట్రుకవాసి ఆగి, మళ్ళీ పడేది. ఖాజా సార్ కనిపెట్టాడు. "ఏమైందిరా? చెయ్యికి దెయ్యం పట్టిందా?" అని బెత్తంతో డోలు అంచు మీద కొట్టాడు. ఇంట్లో నాయనమ్మ మాట్లాడుతుంటే ఆమె నోరు పక్కకు లాగుతుందేమోనని చూస్తూ ఉండేవాణ్ణి. కలలో డోలు ఆగేది కాదు, నేను చేతులు దించుకున్నా అది మోగుతూనే ఉండేది.

పంద్రాగస్టు పొద్దున ముసురు. లేచేసరికి బాపు వంటింట్లో కింద కూర్చుని, చెంబులో నిప్పులు వేసి, నా తెల్ల ప్యాంటును ఇస్త్రీ చేస్తున్నాడు. అంచులు చాకులాగా నిలబెట్టాడు. నా చేతికి ఇస్తూ మొహం చూడలేదు. "నడుము" అన్నాడు అంతే.

మైదానంలో జెండా ఎగిరింది. వాన ఆగింది. గడ్డిమంట మీద తోలు కాచాం. బయలుదేరినప్పటి నుంచి దెబ్బ పడుతూనే ఉంది. నా దెబ్బ మీద ఎడమ కాలు. నా వెనక బడి మొత్తం ఎడమ కాలు. పెద్ద బజారు మలుపు తిరిగాం. రెండు పక్కలా జనం. సిమెంటు దుకాణం దాటాం. మందుల దుకాణం దాటాం. ఆ తరువాత మా ఇల్లు. మెడ తిప్పకుండా, కనుకొసల్లో మా తలుపు నీలం రంగు మాత్రం తెలుస్తోంది. మూసి ఉంది. లోపల ఆ గొళ్ళెం నేను వేసింది కాదు, అమ్మ వేసి ఉంటుంది. పొయ్యి మీద నీళ్ళు పోసిందో లేదో. నాయనమ్మ మూట పట్టుకుని వెనక దిక్కున కూర్చుని ఉంటుంది. తలుపుకు చెవి ఆనించేవాళ్ళు ఈసారి లేరు. దగ్గరికా దూరమా అని అడిగితే చెప్పేవాళ్ళు లేరు. పక్కన ఖాజా సార్ బూట్ల చప్పుడు. నా కర్ర పైకి లేచింది. కిందికి తేలేదు.

పెద్ద డోలు పడకపోతే చిన్న డోళ్ళు కూడా ఒక్క క్షణం బిక్కచచ్చిపోతాయి. ఆ క్షణంలో బజారంతా నిశ్శబ్దమైంది. వెనక కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడుతున్న మెత్తని చప్పుడు. జనంలో ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు. వాటి నడుమ, నా ఎడమ పక్కన, చెక్క అవతల ఇనుప గొళ్ళెం తీసిన చప్పుడు. ఎన్నో వేలసార్లు వేసి తీసినవాణ్ణి, దాని గీరుడు చప్పుడు నాకు తెలుసు. తలుపు తెరుచుకుంది. నేను తల తిప్పలేదు. తరువాతి దెబ్బ వేశాను. కాళ్ళు మళ్ళీ కలిశాయి.

మైదానానికి తిరిగి వచ్చిన తరువాత ఖాజా సార్ నా ముందు నిలబడ్డాడు.

"ఎందుకు ఇడిసినవ్?"

నేను ఎదురుగా చూస్తూ నిలబడ్డాను.

"చెయ్యి జారిందా? జారింది అను. ఇనేసి ఊకుంట."

జారలేదు. జారిందని అనలేకపోయాను. ఆయన నా మెడలోంచి పట్టీ తానే తీశాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

గేటు దగ్గర గంగాధర్ ఆగాడు. అతని మొహంలో ఎప్పటి ఎగతాళి లేదు, మొహం నల్లబడి ఉంది.

"మీ ఇంటి ముంగట మా డోళ్ళు ఆపిపిచ్చినవ్ గదా. పాత కాలం మళ్ళ తెస్తవా? మా బాపు సూసిండు. గంత మందిల సూసిండు."

అప్పుడు నాకు అర్థమైంది. జనంలో ఉన్న పెద్దవాళ్ళకు ఆ ఆగడం తెలుసు, గంగాధర్ వాళ్ళ వల్ల మేమెవరో కూడా తెలుసు. వాళ్ళకు దానికి ఒకటే అర్థం. దొర కొడుకు జెండా కవాతును కూడా తన గుమ్మం ముందర ఆపించాడని ఆ సాయంత్రానికి బజారంతా పాకింది. మిల్లులో బాపును అడిగారు. ఒక వారం దాకా మా ఇంటి ముందర మనుషులు గుంపుగా ఆగి చూసి పోయేవారు. ఎవరైనా రాయి వేస్తారేమోనని, డప్పులు వస్తాయేమోనని ఎదురు చూశాం. రాలేదు. నేను ఒక్క మాట చెప్పి ఉంటే అయిపోయేది. మా నాయనమ్మ భయపడుతుంది, మీ డప్పు వింటే చెప్పులేసుకుని వెనక తలుపు దగ్గర కూర్చుంటుంది, ఆమె ప్రాణం కోసం ఒక్క దెబ్బ వదిలాను అని. ఆ మాట నా నోటికి రాలేదు. బాపు నోటికీ రాలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ సంప్రదించుకోలేదు, అయినా అందరం ఒకే పని చేశాం. భయపడ్డామని చెప్పుకోవడం కన్న, పొగరుబోతులని అనిపించుకోవడం మాకు తేలిక. గంగాధర్ నాతో మళ్ళీ మాట్లాడలేదు.

ఆనాడు గొళ్ళెం తీసిన నాయనమ్మ ఆ తరువాత చాలా ఏండ్లు బతికింది. భయం పోయిందని రాయగలిగితే బాగుండేది, పోలేదు. డప్పు చప్పుడు వింటే చెప్పులు తొడుక్కునేది, చివరి దాకా. అయితే మూట కట్టడం మానేసింది. వెనక తలుపు దగ్గర కాకుండా, ముందు తలుపు తీసి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. కూర్చుని, తలుపు రెక్క పట్టుకుని, దాటిపోయేదాకా చూసేది. అమ్మ పొయ్యి ఆర్పడం మానేసింది. నాకిక వినే పని లేకుండా పోయింది, చెవి మాత్రం మిగిలింది.

ఇప్పుడు మా మనవరాలి డోలుకు తోలు లేదు, ఏదో ప్లాస్టిక్కు. వానకు వదులు కాదు, కాచే పని లేదు, వాసన లేదు. ఆమె పక్కన చిన్న డోలు వాయించే పిల్ల ఎవరి బిడ్డో ఆమెకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఇద్దరూ ఒకే డబ్బాలో తింటారట. అది విన్నప్పుడు నాకు గంగాధర్ జ్ఞాపకమొచ్చాడు. కాలం మారినందుకు సంతోషించాలని తెలుసు, సంతోషమే. కాని మారిన కాలంలో నా పాదాలు మాత్రం పాతవే.

మొన్న పంద్రాగస్టుకు వాళ్ళ కవాతు మా వీధి మీదుగానే పోయింది. ముందురోజు బూట్లకు తెల్లరంగు వేసుకుంటూ అడిగింది.

"తాతా, మన ఇంటి ముంగట నిన్ను సూసుడు కుదరది. ఏమనుకోవు కదా?"

"సూస్తె నేనే ఊకోను" అన్నాను.

సెలవు కనుక మగ్గాలు ఆగినాయి. అంత నిశ్శబ్దం నాకు ఆ ఇంట్లో అలవాటు లేదు. పొద్దెక్కేసరికి వీధి మొదట్లో పెద్ద డోలు వినిపించింది. దగ్గరికే. ఇంకా దగ్గరికే. చెప్పులు తొడుక్కున్నాను. మా అమ్మాయి వంటింట్లోంచి, "ఎటు పోతున్నవ్ బాపు?" అంటున్నా పలకకుండా, ముందు తలుపు గొళ్ళెం నేనే తీసి, గుమ్మంలో కుర్చీ వేసుకుని, నడుము నిలబెట్టి కూర్చున్నాను. చేతులు కుర్చీని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. తెల్ల బూట్లు వరుసగా వచ్చాయి. మధ్యలో ఆమె. మెడ కదలలేదు. కర్ర లేచింది, పడింది, లేచింది, పడింది. మా గుమ్మం ముందరికి వచ్చినప్పుడు నేను ఊపిరి బిగబట్టాను. ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. డోలు ఆగకుండానే మా ఇంటిని దాటిపోయింది.

వీధి చివర మలుపు తిరిగేదాకా విన్నాను. అప్పుడు చెప్పులు విప్పి లోపల పెట్టాను.